కార్డు విన్న గొంతు

పుస్తకాల పిన్ని చదువుతూ ఉంటే ఎదురింటి కుక్క కూడా మొరగడం మానేస్తుందని ఆ వీధిలో చెప్పుకునేవాళ్లు. కుక్క సంగతేమో గానీ, ఆ వేళకి వీధినంతటినీ నోరు మూయించేవాడు మాత్రం ఆమె భర్త. పంపు దగ్గర బిందెలు మోగించొద్దనేవాడు. స్కూటరు స్టార్టు చేయబోతున్నవాళ్లకి దణ్ణం పెట్టి మలుపు దాకా తోసుకుపొమ్మనేవాడు.

"మీ ఆవిడ చదువుకోడానికి మేం బళ్లు తోసుకోవాలా?" అని వాళ్లు విసుక్కునేవాళ్లు. విసుక్కుంటూనే తోసుకుపోయేవాళ్లు.

ఆయన్ని అందరూ మైకాయన అనేవాళ్లు. సభలకీ పెళ్లిళ్లకీ మైకులు, లౌడ్‌స్పీకర్లు కట్టడం ఆయన పని. ఒకసారి చూపులేనివాళ్ల లైబ్రరీ వాళ్ల మీటింగుకి మైకు కట్టడానికి వెళ్లాడు. పుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి, చూపులేనివాళ్లకి వినిపించే లైబ్రరీ అది. దాన్ని నడిపే పెద్దాయనకీ చూపు లేదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి, ఆయన చెవులే ఆయన కళ్లు. చదివేవాళ్లు దొరకడం లేదని ఆయన వాపోతుంటే, "మా ఆవిడ బాగా చదువుతుందండీ" అని మైకాయన నోరు జారాడు.

హైస్కూలు గడప తొక్కగానే చదువు ఆగిపోయిన మనిషి ఆమె. "నేనేంటి, పుస్తకం చదివి లోకానికి వినిపించడమేంటి? మీకేమన్నా మతి పోయిందా?" అని ఒంటికాలి మీద లేచింది. మైకాయన చెవినిల్లు కట్టుకుని పోరాడు. చివరికి వెనక గది గోడలకి పాత పరుపులు బిగించి, కిటికీకి దుప్పటి కట్టి, రెండు గదుల మధ్య గోడకి అటూ ఇటూ కనిపించేలా చిన్న అద్దం పెట్టించి, ఆమెని అవతల కూర్చోబెట్టాడు. ఇవతల తను, కంప్యూటరు. తలుపేస్తే అవతలి మాట ఇవతలికి వినబడేది కాదు.

ఆ కంప్యూటరులో ఒక కార్డు ఉండేది. మూతపడ్డ ఏదో స్టూడియో నుంచి తెచ్చుకున్నది. అరచేతికంటే కాస్త పొడుగు, పచ్చటి పలక, ఒక అంచున వరసగా బంగారు రంగు పళ్లు. మైకులోంచి వచ్చిన గొంతుని కంప్యూటరుకి అర్థమయ్యేలా మార్చిపెట్టేది అదేనని ఆయన చెప్పాడు. దుమ్ము దులపడానికి బయటికి తీసినప్పుడల్లా, "పళ్లు ముట్టుకోకు, అంచులు పట్టుకో" అనేవాడు. పసిపిల్లని అందిస్తున్నట్టు అందించేవాడు.

ఆమె చదివేటప్పుడు ఆయన చేతిలో పెన్సిలుండేది. అద్దంలోంచి అది పైకెత్తితే మొదలుపెట్టాలి. అడ్డంగా పెడితే ఆపాలి. గిరగిరా తిప్పితే వేగం పెంచాలి. ఎత్తడం, ఆపడం ఎప్పుడో ఒకసారి. తిప్పడం మాత్రం అస్తమానం.

చదివాక ఆమెని పిలిచి వినిపించేవాడు. గొంతు నిండుగా, కాస్త బరువుగా వినిపించేది. "చూశావా, ఎంత బరువొచ్చిందో! అంతా కార్డు మహిమ" అని మురిసిపోయేవాడు. మరుక్షణం మొహం చిట్లించేవాడు. "అదిగో, అక్కడ చూడు. ఎంత నిదానమో! నిద్రపోతూ చదివావా?"

"నేనలా చదవలేదండీ. నాలుక పిడచకట్టుకుపోయేలా చదివాను."

"నీ చెవులతో నువ్వే విన్నావుగా? మిషన్ అబద్ధం చెప్పదు."

ఆ మాటకి ఆమె లోపల ఉడుకుతూనే ఉండేది. మర్నాడు ఇంకాస్త గబగబా చదివేది. పోనుపోను మాట్లాడటం కూడా అలాగే అయింది. కూరగాయల అతనితో బేరమాడినా, ఫోను ఎత్తినా మాట మీద మాట తోసుకొచ్చేది. "వదినా, నిన్నెవరైనా తరుముతున్నారా?" అని మరిది నవ్వేవాడు. "మీ అన్నయ్య పెన్సిలు తరుముతోంది" అనేది ఆమె.

ఒకసారి లైబ్రరీ పెద్దాయన కూడా అన్నాడు. "ఫోన్లో మీరు రైలందుకునేవాళ్లలా మాట్లాడతారమ్మా. పుస్తకం పట్టుకుంటే మాత్రం నదిలా అయిపోతారు. ఆ మార్పెలా వస్తుందో నాకర్థం కాదు." ఆ మాట మోసుకొచ్చి చెప్పినప్పుడు మైకాయన కాలరు సర్దుకున్నాడు. నది ఆమె అయినా, గట్టు కట్టింది తనేనని.

ఆయన పోయేసరికి ఒక పెద్ద నవల సగంలో ఉంది.

ఆయన ఆస్పత్రిలో ఉండగానే పాత కంప్యూటరు కూడా పడకేసింది. ఎవరు ముట్టుకున్నా లేవలేదు. దినకర్మలన్నీ అయ్యాక మరిది వచ్చి ఇంట్లో పనికిరానివన్నీ సర్దుతూ ఆ డబ్బాని పాతసామాన్ల బండికెత్తబోతే, ఆమె అడ్డం వచ్చింది.

"బాబూ, డబ్బా తీసుకెళ్లు. కార్డు ఇచ్చేయ్."

"అది పాత ఇనుము వదినా. ఏం చేసుకుంటావు?"

"పళ్లు ముట్టుకోకు. అంచులు పట్టుకో."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. స్క్రూలు విప్పి, కార్డు తీసి చేతిలో పెట్టాడు. మైకాయన కళ్లజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డలో దాన్ని చుట్టి బీరువాలో దాచింది.

ఆ తరవాత చాలా రోజులు ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఏడవనూ లేదు. వచ్చినవాళ్లు "గట్టిమనిషి" అనుకుంటూ వెళ్లారు. వండిన అన్నం అలాగే ఉండిపోయేది. వెనక గది తలుపు తీసేది కాదు. పంపు దగ్గర బిందెలు మళ్లీ మోగాయి. స్కూటర్లు గుమ్మం ముందే స్టార్టయ్యాయి. ఆ చప్పుడుకి ఆమె ఉలిక్కిపడి కిటికీ వైపు చూసేది. ఎవరూ వెళ్లి అడ్డుచెప్పకపోతే ఆశ్చర్యంగా ఉండేది.

నవల సంగతి గుర్తుచేసింది పెద్దాయనే. తొందరేం లేదంటూనే అడిగాడు. విన్నవాళ్లు తరవాతేమైందని రోజూ ఫోను చేస్తున్నారట. మరిది కొత్త కంప్యూటరు తెచ్చి పెట్టాడు. సన్నగా, నాజూగ్గా, చప్పుడు లేకుండా పనిచేసే రకం. మైకు దానికే తగిలించి, ఏ బొత్తాము నొక్కాలో నేర్పి వెళ్లాడు. ఆమె ఇవతల గదిలో బొత్తాము నొక్కి, అవతల గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, రొప్పు తీరేదాకా ఆగి ఒక అధ్యాయం చదివింది. అద్దంలోంచి ఆయన కుర్చీ ఖాళీగా కనిపించింది. తల దించుకుని చదివేసింది.

పెద్దాయన అది విని ఫోను చేశాడు. చాలాసేపు యోగక్షేమాలే అడిగాడు. ఆయన అసలు మాట నాన్చుతున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది.

"అమ్మా, ఏమనుకోకండి. ఇది మీరేనా?"

"నేనేనండీ."

"ఎవరో మీలాగా చదువుతున్నట్టుంది. గొంతు సన్నగా పీలగా ఉంది. ఆ పరుగేంటమ్మా? ఎవరైనా వెంటపడ్డట్టు చదివారు."

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"నాకు మిమ్మల్ని బాధపెట్టాలని లేదు. ఇలాంటి సమయంలో గొంతు కుదురుగా ఉండాలనడం కూడా తప్పే. కానీ పుస్తకమంతా ఒకే గొంతులో ఉండాలని మా కమిటీ పట్టు. ఈ నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ కలవకపోతే మొదటినుంచీ వేరేవాళ్లతో చదివిస్తామంటున్నారు."

"మొదటినుంచంటే... మేం చేసిన సగం?"

"తీసేయాల్సి వస్తుందమ్మా."

ఆమె ఫోను పెట్టేసి అక్కడే కూలబడింది. ఆ సగం ఆయన చేత్తో చేసింది. ఒక్కో పేజీ ఆయన పెన్సిలు కింద నడిచింది. ఆస్పత్రికి వెళ్లేముందు రోజు కూడా కుర్చీలో దిండు పెట్టుకుని కూర్చుని అధ్యాయం పూర్తి చేయించాడు. దాన్ని తీసేస్తే ఆయన చేసిన పనుల్లో మిగిలేదేముంది? పందిళ్లతో పాటు విప్పేసిన లౌడ్‌స్పీకర్లా?

మనిషితో పాటు తన గొంతు కూడా పోయిందని ముందు అనుకుంది. బీరువా అద్దం ముందు నిలబడి రెండు వాక్యాలు చదువుకుంది. తేడా ఏమీ తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అంతా కార్డు మహిమ అని ఆయనన్న మాట. బీరువా తీసింది.

మరిది ఆమెని తన బండి మీద కంప్యూటర్లు రిపేరు చేసేచోటికి తీసుకెళ్లాడు. ఇరుకు మెట్లెక్కి వెళ్తే ఒక గది. నేల మీద పొట్టలు విప్పిన కంప్యూటర్లు, బల్ల మీద టీ మరకలు. అక్కడి రిపేరాయన నుదుటి మీద ఒక కళ్లజోడు, ముక్కు మీద ఒక కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి. గుడ్డ విప్పగానే ముక్కు మీద జోడు తీసి నుదుటి మీది జోడు దించుకున్నాడు.

"అబ్బో, ఇది నా పెళ్లినాటి సరుకు! మా ఆవిడైనా మారింది గానీ ఇది మారలేదు."

"ఇందులో పెట్టగలరా బాబూ?" అంటూ కొత్త కంప్యూటరు చూపించింది.

ఆయన మూత తీసి చూసి చప్పరించాడు. "ఈ పళ్లు పట్టే గాడి ఇప్పటివాటిలో ఉండదమ్మా. కొత్త తాళానికి పాత తాళంచెవి."

"చెప్పానా వదినా? కావాలంటే కొత్తది, దీని తాత లాంటిది కొనిపెడతాను."

"తాత నాకెందుకు? నాకు ఇదే కావాలి."

"మొండితనంలో అన్నయ్యని మించిపోయావు!"

"ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నీకు రాలేదు, నేనేం చేయను?"

రిపేరాయన నవ్వేశాడు. ఆ నవ్వులోనే మెత్తబడ్డాడు. పాత గాడికీ కొత్త గాడికీ మధ్య పెట్టే చిన్న పలక ఒకటుంటుందనీ, తెప్పిస్తాననీ అన్నాడు. అది పెట్టినా కార్డు లోపల ఇమడదు, మూత తెరిచి పక్కన వేలాడదీయాలి. పైగా కార్డు మాట కంప్యూటరుకీ, కంప్యూటరు మాట కార్డుకీ చెప్పే దుబాసీ లాంటి ప్రోగ్రాం ఒకటి కావాలి. కార్డు తయారుచేసినవాళ్లు దాన్ని ఎప్పుడో మానేశారు. ఎవరో పాత సరుకు మీద ప్రేమున్నవాళ్లు రాసుకున్నది వెతకాలి.

"పనిచేస్తుందని మాట ఇవ్వనమ్మా."

"ఇవ్వకండి. చేయండి చాలు."

ఆయన చాలాసార్లు చేతులెత్తేశాడు. ఒకసారి కార్డుని కంప్యూటరు అసలు గుర్తుపట్టలేదు. ఇంకోసారి గుర్తుపట్టింది గానీ గొంతుకి బదులు నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు వచ్చాయి. ఆమె రోజూ ఫోను చేసేది. నెలాఖరు దగ్గరపడే కొద్దీ ఆమె మాట ఇంకా వేగమైంది. "అమ్మా, కాస్త ఆగి ఆగి చెప్పండి, నేను రాసుకోవాలి" అనేవాడాయన.

చివరికి ఒక మధ్యాహ్నం ఆయనే వాళ్లింటికి వచ్చాడు. కంప్యూటరు పక్కన కార్డుని అట్టముక్క మీద నిలబెట్టి, తీగలు కలిపి, మైకు తగిలించాడు. మరిది కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎందుకైనా మంచిదని రిపేరాయన తన ఫోన్లో కూడా రికార్డింగు పెట్టి మైకు పక్కన ఉంచాడు. ఈసారీ చిటపటలు వస్తే తప్పు మైకుదో కార్డుదో తెలుస్తుందన్నాడు.

ఆమె లోపలికెళ్లి, పోయినసారి చదివిన అధ్యాయంలోంచే ఒక పేజీ చదివి బయటికొచ్చింది. ఆయన బొత్తాము నొక్కాడు.

చిటపటలు లేవు. నిండైన గొంతు. బరువుగా, ఒడ్డు ఒరుసుకుంటూ పోతున్న నీళ్లలా.

"వదినా! అదే గొంతు!" అని మరిది అరిచాడు.

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయింది. తన గొంతు పోలేదు. ఆ సగం పోదు.

రిపేరాయన మాత్రం నుదురు ముడివేసుకుని ఫోను వైపు చూస్తున్నాడు. "ఒక్క నిమిషం" అని రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టాడు. మొదటి మాట రెండింట్లో కలిసే వచ్చింది. రెండో వాక్యానికి ఫోను ముందుకెళ్లింది. పేజీ చివరికి వచ్చేసరికి ఫోను చదవడం ముగించి ఊరుకుంది. కంప్యూటరు ఇంకా చదువుతూనే ఉంది, తీరిగ్గా.

"ఫోను తొందరపడుతోందేమో?" అంది ఆమె.

"లేదమ్మా. మీరు చదివింది ఫోన్లో ఉన్నట్టే. తలుపు వారగా తీసుంది, నేను విన్నానుగా. సాగదీస్తున్నది కార్డు." ఆయన ఒక కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "పాత టేపుంటుంది కదా, దాన్ని గబగబా తిప్పుతూ రికార్డు చేసి, నెమ్మదిగా తిప్పుతూ వింటే ఏమవుతుంది? మాట సాగుతుంది, గొంతు కిందికి దిగి బరువెక్కుతుంది. ఇదీ అంతే. కంప్యూటరు ఒక వేగం చెప్తోంది. కార్డు సరేనంటోంది గానీ తన వేగంలోనే పోతోంది."

"ఇప్పుడు పాడైందా?"

"ఇప్పుడొచ్చిన గొంతూ మీ పాత గొంతూ ఒక్కటేనంటున్నారుగా? అయితే అప్పుడూ ఇంతే. మొదటినుంచీ ఇంతే అయ్యుంటుంది. ఎవరి తప్పూ కాదమ్మా. దీంట్లో మీ గొంతు తప్ప ఇంకేమీ రికార్డు చేయలేదు కదా. పాటలో వాయిద్యాలో చేసి ఉంటే శ్రుతి తేడా పట్టుకునేవారు."

ఎవరి తప్పూ కాదు. ఆమె అద్దంలోంచి పరుపులు కట్టిన గది వైపు చూసింది. కళ్ల ముందు ఆయన పెన్సిలు గిరగిరా తిరుగుతున్నట్టే ఉంది. ఆమె మామూలుగా చదివింది. కార్డు సాగదీసింది. ఆయన నిదానమన్నాడు. ఆమె వేగం పెంచింది. కార్డు మళ్లీ సాగదీసింది. ఆయన మళ్లీ పెన్సిలు తిప్పాడు. ఆయన లెక్కలో గొంతులోని బరువంతా కార్డుది, నిదానమంతా ఆమెది. కాపురమంతా ఈ ఒక్క గొడవ. అందులో ఆమె ఒక్కసారీ గెలవలేదు.

"చూశారా!" అని అటు తిరిగింది. గుమ్మంలో మరిది ఉన్నాడు. ఆమె చూపు అతన్ని దాటిపోయింది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు."

పోయాక మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది. పోట్లాడటానికి మనిషి లేని కోపం. మిషన్ అబద్ధం చెప్పదన్నారు కదా, ఇప్పుడేమంటారు? ఆ ప్రశ్న నోటిదాకా వచ్చి, వెళ్లే చోటు లేక మళ్లీ లోపలికే పోయింది.

"ఈ వేగం సరిచేసిపెట్టమంటారా?" అన్నాడు రిపేరాయన. "చేస్తే మీ అసలు గొంతు వస్తుంది. కావాలంటే పాత సగాన్ని కూడా మీ అసలు వేగానికి తేవచ్చు."

"తెస్తే ఎలా ఉంటుంది?"

మైకాయన పెన్‌డ్రైవులో దాచిన పాత అధ్యాయం ఒకటి తీసి అలా చేసి వినిపించాడు. సన్నటి గొంతుతో ఎవరో ఆడమనిషి ఊపిరి సలపకుండా పరిగెడుతోంది. ఎవరి నుంచో పారిపోతున్నట్టు. మధ్యలో ఆయాసం కూడా వినిపించింది. మరిది తల దించుకున్నాడు.

"ఆపేయండి బాబూ" అంది ఆమె. "కార్డు ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి."

ఆ రోజే మళ్లీ చదివిన అధ్యాయం పెద్దాయనకి పంపారు. ఆ రాత్రే ఫోను వచ్చింది. ఆయన గొంతు తడిగా ఉంది.

"ఇదీ మీరంటే! ఎంత హాయిగా, ఎంత నింపాదిగా చదివారమ్మా! కమిటీకి చెప్పేశాను. సగం ఎక్కడికీ పోదు. మీరు కుదుటపడ్డారు, అది వినబడుతోంది."

చెప్పేద్దామా అనుకుంది. ఆ గొంతు లోకంలో లేదండీ, దాన్ని కార్డు తయారుచేసింది, నేను కుదుటపడలేదండీ, అని. ఆ గొంతు కోసమే ఎదురుచూసేవాళ్లు ఎంతమందో ఆయన చెప్పుకుపోతున్నాడు. "సరేనండీ" అని పెట్టేసింది.

మర్నాడు ఉదయం ఒక్కతే వెనక గదిలో కూర్చుంది. పెన్సిలు లేదు. తిప్పేవాళ్లు లేరు. ఇక తనకి నచ్చినట్టు చదవొచ్చు అనిపించింది. కొత్త అధ్యాయం తీసి, కామా దగ్గర ఆగుతూ, చుక్క దగ్గర ఊపిరి పీల్చుకుంటూ ఒక పేజీ చదివింది. పెళ్లికి ముందు ఇంట్లో వాళ్లకి పత్రికల్లో కథలు అలాగే చదివి పెట్టేది. చదువుతుంటే ఒళ్లు తేలికపడ్డట్టయింది.

ఇవతలికొచ్చి విన్నది. కార్డు దాన్ని కూడా సాగదీసింది. మంచం పట్టిన మనిషి పలవరిస్తున్నట్టుంది. మాటకీ మాటకీ మధ్య నిద్రొచ్చేలా ఉంది. ఈ సగం ఆ సగంతో కలవాలంటే మిగిలిన పుస్తకమంతా మళ్లీ పరిగెత్తాల్సిందే.

"విన్నారా?" అంది ఖాళీ కుర్చీతో. "ఇదీ నిదానమంటే. నేనెప్పుడూ ఇలా చదవలేదు."

కుర్చీలో ఆయన పెట్టుకున్న దిండు అలాగే ఉంది. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. ఆమె గుమ్మంలోకి వెళ్లి, చేతులు జోడించి, మలుపు దాకా తోసుకుపొమ్మంది. అతను ఒక్క క్షణం ఆమె మొహం చూసి, విసుక్కోకుండా తోసుకుపోయాడు.

లోపలికొచ్చి ఆ పేజీ చెరిపేసింది. బొత్తాము నొక్కి, తలుపేసుకుని, మైకు ముందు కూర్చుని, అద్దంలోకి ఒకసారి చూసి, మొదటి వాక్యం నుంచీ గబగబా అందుకుంది.